పులసకు వేలువిడిచిన చుట్టం

సెప్టెంబరు మూడోవారం దాటిందంటే ఇసక్వా ఊరి మధ్యలో ఉన్న చిన్న నడకవంతెన మీద నిలబడ్డానికి చోటు దొరకదు. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకున్న నాన్నలు, చేతికర్ర ఆనించుకున్న తాతలు, స్కూలు బస్సు దిగి వరసలో వచ్చిన రెండో తరగతి పిల్లలు... అందరూ కమ్మీల మీదికి వంగి కిందికే చూస్తుంటారు. కింద మోకాలి లోతు నీళ్ళు. ఆ నీళ్ళలో మూరెడు, మూరన్నర పొడవున్న చేపలు ప్రవాహానికి ఎదురు తలపెట్టి, తోకలాడిస్తూ ఉన్నచోటే ఉంటాయి. ఉన్నట్టుండి ఒకటి గాల్లోకి ఎగురుతుంది. వంతెన మీద జనం ఒక్కసారిగా "ఓ..." అంటారు. మన దగ్గర సిక్సర్ కొడితే లేచే గోలే అది.

ఇసక్వా అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో ఉంది. సియాటిల్ నుంచి తూర్పుకి కారులో అరగంట. చుట్టుపక్కల రెడ్మండ్, బెల్‌వ్యూ, సమామిష్, బోథెల్ ఊళ్ళలో తెలుగువాళ్ళకి కొదవలేదు. సాఫ్ట్‌వేర్ కంపెనీలున్నచోట మనం లేకుండా ఎలా ఉంటాం? నేనూ అలా వచ్చి పడ్డవాణ్ణే. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే మనవాళ్ళు తప్పకుండా తీసుకెళ్ళేవి మూడు: మౌంట్ రెయినియర్, స్నోక్వాల్మీ జలపాతం, సియాటిల్ స్పేస్ నీడిల్. ఇంటి వెనకాల పారే వాగు ఆ జాబితాలో ఉండదు. ఉండాలని నా అభిప్రాయం.

వాగు పేరు ఇసక్వా క్రీక్. చూడ్డానికి మన పంట కాలువంత ఉంటుంది. కానీ దీని వెంట పోతే పసిఫిక్ మహాసముద్రం దాకా పోవచ్చు. ముందు సమామిష్ సరస్సులో కలుస్తుంది. సరస్సు ఉత్తరపు కొస నుంచి, రెడ్మండ్‌లో మేరీమూర్ పార్కు పక్కగా, సమామిష్ నది బయల్దేరి సుమారు 22 కిలోమీటర్లు పారి వాషింగ్టన్ సరస్సులో పడుతుంది. అక్కణ్ణుంచి ఓడల కాలువ, బల్లార్డ్ లాకులు, ఆ తర్వాత ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయ. లాకులంటే ఏమిటో గోదావరి జిల్లావాళ్ళకి చెప్పక్కర్లేదు. పడవల కోసం నీటిమట్టాన్ని పెంచీ దించీ గేట్లు. తేడా ఏమిటంటే, బల్లార్డ్ లాకుల పక్కన చేపలకి వేరే మెట్లున్నాయి. 21 మెట్లు. ఒక్కో మెట్టు ఎక్కి సముద్రం నుంచి మంచినీళ్ళలోకి వస్తాయి. గోడకి అద్దాలు బిగించారు కాబట్టి మనం లోపల నిలబడి, అవి మెట్లెక్కడం చూడొచ్చు.

ఇంతకీ ఆ చేప సాల్మన్. మాది గోదావరి పక్క ఊరు. నా బుర్రలో ప్రతి చేపకీ ఒక పులస కొలబద్ద ఉంటుంది. సాల్మన్ గురించి మొదటిసారి విన్నప్పుడే అర్థమైంది, ఇది పులసకు వేలువిడిచిన చుట్టమని. పులస సముద్రంలో పెరిగి, వరద ఎర్రనీళ్ళు దిగే రోజుల్లో గుడ్లు పెట్టడానికి గోదావరికి ఎదురెక్కుతుంది. సాల్మన్ చేసేదీ అదే. వాగులో పుట్టి, పిల్లగా సముద్రానికి పోయి, అలాస్కా వైపు దాకా తిరిగి, మూడు నాలుగేళ్ళకి మళ్ళీ పుట్టిన వాగుకే వస్తుంది. పక్క వాగుకి కాదు, అదే వాగుకి. పురిటికి పుట్టింటికి వచ్చే ఆడపిల్ల అనుకోండి. మగవీ వస్తాయి లెండి, వాటికీ అదే పుట్టిల్లు. దారి ఎలా గుర్తుపడతాయంటే, వాసనతో. ఆర్థర్ హాస్లర్ అనే శాస్త్రవేత్త 1950ల్లో ఈ సంగతి మీద ప్రయోగాలు చేశాడు. ప్రతి వాగుకీ దాని మట్టి, దాని ఆకులు కలిసిన వాసన ఒకటి ఉంటుంది. పిల్లగా ఉన్నప్పుడు పీల్చిన ఆ వాసన చేప మరిచిపోదు.

ఒక్క విషయంలో మాత్రం పులస అదృష్టవంతురాలు. పులస గుడ్లు పెట్టాక మళ్ళీ సముద్రానికి పోగలదు. ఈ సాల్మన్‌లు పోవు. మంచినీళ్ళలోకి అడుగుపెట్టాక తిండి మానేస్తాయి. వెండిరంగు ఒళ్ళు ఎరుపో, ముదురు ఆకుపచ్చో అవుతుంది, మగవాటికి మూతి కొక్కెంలా వంగుతుంది. గుడ్లు పెట్టిన కొద్ది రోజులకే చచ్చిపోతాయి. ఆ కళేబరాలు ఎలుగుబంట్లకీ, గద్దలకీ, పురుగులకీ తిండి, ఒడ్డున చెట్లకి ఎరువు. సముద్రం నుంచి చేప మోసుకొచ్చిన నత్రజని ఒడ్డు మీది చెట్లలో కనిపిస్తుందని శాస్త్రవేత్తలు కొలిచి చూపించారు.

వంతెన పక్కనే ఉన్నది ఇసక్వా సాల్మన్ హేచరీ, అంటే చేపపిల్లల్ని పొదిగించే కేంద్రం. 1936లో కట్టారు. అమెరికాలో మహామాంద్యం రోజులు, పనిలేని జనానికి ప్రభుత్వం పని చూపించడానికి పెట్టిన పథకం కింద కట్టారన్నమాట. అప్పటికే చెట్ల నరికివేత, బొగ్గు గనుల వల్ల ఈ వాగు దాదాపు చేపల్లేకుండా అయిపోయింది. గ్రీన్ రివర్ అనే పక్క నది నుంచి గుడ్లు తెచ్చి ఇక్కడ మళ్ళీ మొదలుపెట్టారు. ఇప్పుడు వచ్చే చినూక్, కోహో జాతుల సాల్మన్ చాలావరకు ఆ పని ఫలితమే. 1990ల్లో రాష్ట్రం దగ్గర డబ్బుల్లేక దీన్ని మూసేద్దామనుకున్నప్పుడు ఊరివాళ్ళు అడ్డం పడ్డారు. 'ఫ్రెండ్స్ ఆఫ్ ది ఇసక్వా సాల్మన్ హేచరీ' అనే స్వచ్ఛంద సంఘం అలా పుట్టిందే. గుడ్లు తియ్యడం, పొదిగించడం రాష్ట్ర ఉద్యోగుల పని. వచ్చినవాళ్ళకి చూపించడం, చెప్పడం ఈ సంఘం పని. వీళ్ళని డోసెంట్లంటారు. జీతం లేని గైడ్లు.

నేను వెళ్ళినరోజు మాకు చూపించినావిడకి డెబ్భై దాటి ఉంటాయి. రిటైరైన నర్సు. టోపీకి చేప ఆకారం బ్యాడ్జీ. ఒక స్కూలు గుంపు వెనకాలే నేనూ నడిచాను. ఆవిడ వాగులో ఒక చేపని చూపించి, "దీని వీపు మీద, తోకకి దగ్గర్లో చిన్న కండ రెక్క ఉందా లేదా చూడండి" అంది. లేదు. హేచరీలో పెంచిన పిల్లలకి వదిలేముందు ఆ రెక్క కత్తిరిస్తారు. వాగులో దానంతటది పుట్టిన చేపకి రెక్క ఉంటుంది. అలా ఎవరెవరో తెలుస్తుంది. ఒక పిల్లాడు చెయ్యెత్తాడు.

"గుడ్లు పెడితే చచ్చిపోతానని చేపకి తెలుసా?"

ఆవిడ, "నాకు తెలీదు. నువ్వేమనుకుంటున్నావ్?" అంది.

"తెలిస్తే రాదు కదా."

పక్కనున్న అమ్మాయి ఒప్పుకోలేదు. "తెలిసే వస్తుంది. లేకపోతే పిల్లలెలా పుడతాయి?" ఇద్దరూ టూరు అయ్యేదాకా వాదించుకుంటూనే ఉన్నారు. ఆవిడ తీర్పు చెప్పలేదు. టీచరూ చెప్పలేదు. నాకది నచ్చింది.

మా టీమ్‌లో ఒక సీనియర్ ఉన్నాడు. నేను అన్నా అంటాను. వాళ్ళ పాప మూడో తరగతి. జనవరిలో ఒకరోజు వాళ్ళింటికి భోజనానికి వెళితే, తలుపు తియ్యగానే "బాబాయ్, మా క్లాసులో గుడ్లొచ్చాయి!" అంది. ఈ ప్రాంతంలో చాలా స్కూళ్ళలో ఈ కార్యక్రమం నడుస్తుంది. హేచరీ నుంచి బఠాణీ గింజంత నారింజరంగు గుడ్లు వస్తాయి. లోపల రెండు నల్ల చుక్కలు కనిపిస్తుంటాయి. అవి కళ్ళు. క్లాసులో అద్దాల తొట్టి, నీళ్ళని పది డిగ్రీల దగ్గర చల్లగా ఉంచే యంత్రం, వెలుతురు పడకుండా చుట్టూ రేకు. వాగు అడుగున గులకరాళ్ళ కింద చీకటి కదా, అదే ఇక్కడ చెయ్యాలి. పిల్లలు వంతులవారీగా ఉష్ణోగ్రత రాస్తారు. తెల్లబడిన గుడ్డు చచ్చినట్టు. దాన్ని రబ్బరు పిచికారీతో పీల్చి తీసెయ్యాలి, లేకపోతే బూజు పక్కవాటికి పడుతుంది. పాప ఇంట్లో నోటుపుస్తకంలో కూడా లెక్క రాసింది: ఇవాళ రెండు పోయాయి, నిన్న ఏమీ పోలేదు. వదిన నవ్వుతూ, "టేబుల్స్ రాయమంటే రాయదు కానీ ఇది మాత్రం రోజూ రాస్తుంది" అంది.

గుడ్డు పగిలాక పిల్ల పొట్ట కింద పచ్చసొన సంచీ వేలాడుతుంటుంది. కొన్ని వారాలు అదే తిండి. సంచీ కరిగిపోయాక ఈత మొదలవుతుంది. వసంతంలో వాగులో వదులుతారు. ఆరోజు అన్నకి మీటింగ్ ఉండి నన్ను పంపాడు. ఒక్కో పిల్లకీ ఒక పారదర్శకమైన కప్పు, కప్పులో ఒక్క చేపపిల్ల, వేలెడంత కూడా లేదు. పేర్లు పెట్టుకోవచ్చు. పాప ముందురోజే ఫోన్ చేసి ఇండియా చేప పేరు చెప్పమంది, చెప్పాను. కప్పు మీద స్కెచ్ పెన్నుతో 'పులస' అని రాసుకొచ్చింది. టీచరు దాన్ని పలకడానికి మూడుసార్లు ప్రయత్నించి, నవ్వేసి వదిలేసింది. కప్పుని నీళ్ళలో వంచి పట్టుకుని, చేప తనంతట తను పోయేదాకా ఆగాలి. విసరకూడదు. పులస అరనిమిషం కప్పులోనే ఉంది. ఆ తర్వాత ఒక్క కదలికతో రాయి కిందికి పోయింది.

ఇంజినీరు బుర్ర కదా, లెక్క వేశాను. తొట్టిలో పెంచింది రెండొందల లోపు. వదిలిన పిల్లల్లో నూటికి ఒకటి పెద్దదై తిరిగొస్తే గొప్ప. అంటే ఒక క్లాసు ఏడాది కష్టానికి ఒకటో రెండో చేపలు. హేచరీ వదిలేవి లక్షల్లో ఉంటాయి, ఇది అందులో లెక్కకి రాదు. ఇదే మాట టీచర్ని అడిగేశాను. ఆవిడ ఏమీ అనుకోలేదు. "చేపల కోసం కాదు కదా ఇది, పిల్లల కోసం" అంది. దాచుకునేదేమీ లేదన్నమాట. క్లాసులో ఇరవై అయిదుమంది ఉంటే ఇరవై అయిదు ఇళ్ళలో ఆ నాలుగు నెలలూ రాత్రి భోజనాల దగ్గర వాగు మాట వస్తుంది. అన్నావాళ్ళింట్లో వాకిట్లో కారు కడగడం ఆ ఏడాదే మానేశారు. వీధి అంచున ఉండే వాననీటి జాలీలోంచి వెళ్ళే నీరు శుద్ధికేంద్రానికి పోదు, నేరుగా వాగులోకే పోతుందని పాప క్లాసులో నేర్చుకుని వచ్చింది. ఇక్కడ చాలా వీధుల్లో ఆ జాలీల పక్కన చేప బొమ్మ ఉన్న చిన్న బిళ్ళ అంటించి ఉంటుంది, 'ప్యూజెట్ సౌండ్ ఇక్కడే మొదలవుతుంది' అని. చాలాచోట్ల వాటిని అంటించేది వలంటీర్లూ స్కూలు పిల్లలే.

ఇక సమామిష్ నది. మా ఆఫీసుకి దగ్గర్లో దీని ఒడ్డున సైకిల్ బాట ఉంది. చూస్తే నది ఇంత తిన్నగా ఎలా ఉందా అనిపిస్తుంది. ఒకప్పుడు ఇది చిత్తడి నేలల్లో మెలికలు తిరుగుతూ పారేది. 1916లో ఓడల కాలువ కోసం వాషింగ్టన్ సరస్సు మట్టాన్ని దాదాపు 9 అడుగులు దించేశారు. ఆ సరస్సు నీళ్ళు అంతకుముందు బయటికి పోయే బ్లాక్ రివర్ అనే నది ఎండే పోయింది. సమామిష్ నది కుంచించుకుపోయింది. 1960ల్లో సైన్యపు ఇంజినీర్లు వరద రాకుండా దీన్ని తవ్వి తిన్నగా చేశారు. పొలాలు మిగిలాయి, నీడ పోయింది. నీడ లేని నది వేసవిలో వేడెక్కుతుంది. నీళ్ళు 20 డిగ్రీలు దాటితే సాల్మన్‌కి ఆయాసం మొదలవుతుంది. ఆగస్టు, సెప్టెంబరులో ఇంటికి బయల్దేరిన చేపకి ఈ 22 కిలోమీటర్లు వేడినీళ్ళలో నడక.

అందుకే శనివారాలు చెట్లు నాటడం. 'మౌంటెన్స్ టు సౌండ్ గ్రీన్‌వే ట్రస్ట్', 'గ్రీన్ రెడ్మండ్' లాంటివి పిలుస్తుంటాయి. కంపెనీల వాళ్ళు టీమ్ బిల్డింగ్ పేరుతో వస్తారు, హైస్కూలు పిల్లలు సేవా గంటల కోసం వస్తారు. మన తెలుగు కుర్రాళ్ళు కాలేజీ అప్లికేషన్లో రాసుకోవడానికి వస్తారు, రానివ్వండి, మొక్కకి కారణంతో పనేముంది? విల్లో, సీడర్ మొక్కలు. కానీ నాటేది కాసేపే. ఎక్కువసేపు చేసేది ముళ్ళపొదలు పీకడం. ఆ పొద పేరు వింటే మనకి పౌరుషం రావాలి: హిమాలయన్ బ్లాక్‌బెర్రీ. నిజానికి దానికీ హిమాలయాలకీ సంబంధం లేదు. ఆర్మేనియా వైపు మొక్క. లూథర్ బర్బాంక్ అనే మొక్కల వ్యాపారి 1885లో ఇండియా నుంచి తెప్పించిన విత్తనాల్లో వచ్చిందని ఆ పేరు పెట్టి అమ్మాడు. ఇప్పుడు వాగులన్నిటి ఒడ్డునా అదే. మందపాటి తోలు గ్లోవ్స్ వేసుకున్నా చేతులు గీరుకుపోతాయి. పళ్ళు మాత్రం, చెప్పకూడదు గానీ, బావుంటాయి.

ఇంతవరకూ చదివి, బావుంది, పిల్లలూ పెద్దలూ కలిసి వాగుని కాపాడుకుంటున్నారు అనుకుంటే, అసలు కథ ఇంకా మొదలవలేదు.

సియాటిల్ పడమటి భాగంలో లాంగ్‌ఫెలో క్రీక్ అని ఇంకో వాగు ఉంది. ఇళ్ళ మధ్య, గోల్ఫ్ మైదానం పక్కన, రోడ్ల కిందుగా పారుతుంది. దాన్ని బాగుచెయ్యడానికి నగరం డబ్బు ఖర్చు పెట్టింది, జనం మొక్కలు నాటారు. చేప ఎముకల ఆకారంలో అందమైన కాలివంతెన కట్టారు. కోహో సాల్మన్ తిరిగి వచ్చింది కూడా. వచ్చి, గుడ్లు పెట్టకుండానే చచ్చిపోవడం మొదలైంది. రోగం లేదు, గాయం లేదు. నీళ్ళలో ఆక్సిజన్ సరిపడా ఉంది. చేప నోరు తెరుచుకుని, గుండ్రంగా తిరిగి, వెల్లకిలా పడి గంటల్లో ప్రాణం విడిచేది. ఈ ప్రాంతపు నగర వాగుల్లో వచ్చిన కోహోలో నూటికి 40 నుంచి 90 దాకా ఇలా పోయేవి. వాన పడ్డాక ఎక్కువగా పోయేవి.

ఈ వాగుని ఏటా అక్టోబరు నుంచి నడిచి లెక్కపెట్టే వలంటీర్లున్నారు. 'ప్యూజెట్ సౌండ్‌కీపర్' అనే సంస్థ నడిపిస్తుంది. నేను రెండు సీజన్లు వెళ్ళాను. మన కార్తీకమాసం రోజులే అవి. అమ్మ వీడియో కాల్‌లో గోదావరిలో దీపాలు వదులుతూ కనిపించేది, నేను రబ్బరు బూట్లేసుకుని వాగులో చచ్చిన చేపల కోసం వెతుకుతుండేవాణ్ణి. పని ఇలా ఉంటుంది. ఇద్దరిద్దరుగా నడవాలి. చచ్చిన కోహో కనిపిస్తే ఎక్కడ, ఎంత పొడుగు, ఆడదా మగదా రాయాలి. ఆడదైతే పొట్ట కోసి చూడాలి. పొట్ట ఖాళీగా ఉంటే మంచిది, గుడ్లు పెట్టి పోయింది. గుడ్లు నిండుగా ఉంటే, పెట్టకముందే పోయింది. మళ్ళీ ఎవరూ లెక్కపెట్టకుండా తోక కోసి అక్కడే వదిలెయ్యాలి. మొదటిసారి నా జోడీ ఒక హైస్కూలు అమ్మాయి. నేను కత్తి పట్టుకుని తటపటాయిస్తుంటే, "మీరు రాయండి, నేను కోస్తాను" అంది. కోసింది. రెండు దోసిళ్ళ గుడ్లు, నారింజరంగు, తళతళలాడుతూ. పాప క్లాసులో తొట్టిలో చూసినవాటిలాంటివే. ఆ అమ్మాయి ఏమీ మాట్లాడలేదు. "నిండుగా ఉంది, రాయండి" అంది అంతే.

అసలు కారణం కనిపెట్టడానికి శాస్త్రవేత్తలకి దాదాపు ఇరవై ఏళ్ళు పట్టింది. రోడ్డు మీది వాననీళ్ళలోనే ఏదో ఉందని ముందే తేలింది. ఏది? అందులో వేల రసాయనాలుంటాయి. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం టకోమా శాఖలో ఎడ్వర్డ్ కోలోజే, జెన్యూ టియాన్, వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో జెన్ మెకింటైర్ బృందాలు టైరు పొడి నానబెట్టిన నీళ్ళు తీసుకున్నాయి. ఆ నీళ్ళని భాగాలుగా విడగొట్టి, ఒక్కో భాగాన్నీ చేపల మీద పరీక్షించి, చంపిన భాగాన్ని మళ్ళీ విడగొట్టి... అలా తగ్గించుకుంటూ పోయారు. మేం కోడ్‌లో బగ్ పట్టుకునే పద్ధతే, కాకపోతే మా బగ్‌కి ప్రాణాలు పోవు. 2020 డిసెంబరులో 'సైన్స్' పత్రికలో ఫలితం వచ్చింది. టైరు రబ్బరు పగుళ్ళివ్వకుండా 6పీపీడీ అనే రసాయనం కలుపుతారు. గాలిలోని ఓజోన్‌తో కలిసి అది 6పీపీడీ-క్వినోన్ అవుతుంది. కోహోని చంపుతున్నది అదే. లీటరు నీటిలో ఒక మైక్రోగ్రాములో పదో వంతు చాలు. విచిత్రమేమిటంటే, చమ్ అనే ఇంకో సాల్మన్ జాతిని ఈ నీళ్ళు దాదాపు ఏమీ చెయ్యవు.

కోహో బతుకులో క్రూరమైన భాగం ఇది. పొడి వేసవి అంతా టైరు పొడి రోడ్ల మీద పేరుకుంటుంది. మొదటి పెద్ద వాన దాన్ని కడిగి వాగులోకి తోస్తుంది. కోహో సముద్రం అంచున ఎదురుచూసేది కూడా ఆ వాన కోసమే. వాగు నిండగానే బయల్దేరుతుంది. అంటే పిలుపూ విషమూ ఒకే నీళ్ళలో వస్తాయి.

ఈ విషయం తెలిశాక మనవాళ్ళ పార్టీల్లో చెబితే, "మాది ఎలక్ట్రిక్ కారేగా" అన్నారు ఇద్దరు ముగ్గురు. టైరుకి కింద పెట్రోలుందా బ్యాటరీ ఉందా తెలీదు. పైగా బ్యాటరీ బళ్ళు బరువెక్కువ. వంతెన మీద చేపల్ని చూడ్డానికి వచ్చే స్కూలు బస్సు టైర్లలోనూ ఉంది అది, నా కారు టైర్లలోనూ ఉంది.

మరి మొక్కలు నాటి ఏం లాభం, తొట్టిలో గుడ్లు పొదిగించి ఏం లాభం? ఈ ప్రశ్న నన్ను చాన్నాళ్ళు పీకింది. జవాబులో ఒక భాగం మట్టిలోనే ఉంది. రోడ్డు నీళ్ళని ఇసుకా కంపోస్టూ కలిపిన మట్టి పొరలోంచి వడగట్టి చూశారు. వడగట్టని నీళ్ళలో కోహోలన్నీ చచ్చిపోయాయి. వడగట్టిన నీళ్ళలో అన్నీ బతికాయి. అందుకని వీధి పక్కన, స్కూలు పార్కింగ్ పక్కన వానతోటలు కడుతున్నారు. పల్లంగా తవ్విన మడి, అడుగున ఆ మట్టి, పైన నీళ్ళకి తట్టుకునే మొక్కలు. రోడ్డు నీళ్ళు అందులో ఇంకి, శుభ్రపడి, వాగుకి చేరతాయి. ఇది వలంటీర్లు చెయ్యగల పని. కానీ ఒక మహానగరం రోడ్లన్నిటికీ శనివారం వలంటీర్లతో తోటలు కట్టలేం. టైరులో కలిపే మందు మారాలి. అది కంపెనీల, ప్రభుత్వాల పని. చిన్నపిల్లల చేతికి కప్పు ఇచ్చి ఫొటో తీసుకోవడం తేలిక కాబట్టి, ఆ ఫొటో వెనకాల పెద్దవాళ్ళు తప్పించుకునే ప్రమాదం ఉంది. నా అనుమానం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

అయితే ఆ పెద్ద పనిని కదిలించింది ఎవరో చెప్పాలి. ఈ నీళ్ళ పాత హక్కుదారులు ఇక్కడి ఆదివాసీ తెగలు. 1855లో పాయింట్ ఇలియట్ ఒప్పందంలో నేల వదులుకుంటూ, చేపలు పట్టుకునే హక్కు మాత్రం అట్టే పెట్టుకున్నారు. వందేళ్ళకి పైగా ఆ హక్కుని ఎవరూ పట్టించుకోలేదు. పట్టుకున్నవాళ్ళని అరెస్టులు చేశారు. 1974లో జడ్జి జార్జ్ బోల్ట్, పట్టే చేపల్లో సగం తెగలదేనని తీర్పు ఇచ్చాడు. చేపే లేకపోతే సగం హక్కుకి అర్థం లేదు కదా? 2023లో యూరోక్, పోర్ట్ గ్యాంబుల్ స్క్లాలం, పుయాలప్ తెగలు టైర్లలో 6పీపీడీని ఆపమని కేంద్ర పర్యావరణ సంస్థకి అర్జీ పెట్టాయి. ఆ ఏడాది నవంబరులో సంస్థ అర్జీని స్వీకరించింది. ఇలాంటి వాదనకి కావలసింది లెక్కలు. ఏ వాగులో, ఏ వానకి, ఎన్ని చేపలు, పొట్టలో గుడ్లుండగా పోయాయి అన్న లెక్కలు. బూట్లేసుకుని నడిచినవాళ్ళు ఏళ్ళ తరబడి రాసిపెట్టేవి అవే.

పులస సంగతి ఇక్కడే గుర్తొస్తుంది. పుస్తెలమ్మైనా పులస తినాలని మనకి సామెత ఉంది. యానాం వేలంపాటలో ఒక్క చేప వేలల్లో పలికితే పేపర్లో ఫొటోతో సహా వస్తుంది. మా ఊళ్ళో ఎవరినడిగినా ఈ ఏడు పులస ధరెంతో చెబుతారు. నాకు చిన్నప్పుడు స్కూల్లో గోదావరి పొడవు, పుట్టిన చోటు, ఉపనదుల పేర్లు బట్టీపట్టించారు. ఏటి ఒడ్డుకి ఒక్కసారి తీసుకెళ్ళి ఈ ఏడాది ఎన్ని చేపలొచ్చాయో చూడమనలేదు. ధవళేశ్వరం ఆనకట్ట పులసకి పెద్ద అడ్డు. బడి నుంచి అది కనిపించేంత దగ్గర. మొన్న సెలవుకి వెళ్ళినప్పుడు మా ఊరి హైస్కూలు సైన్సు మాస్టారికి తొట్టి ఫొటోలు చూపించాను. "తొట్టీ గిట్టీ మనకెక్కడ గానీ, రేవులో వలలు తీసేవాళ్ళ దగ్గర కూర్చోబెట్టి రోజూ లెక్క రాయించొచ్చయ్యా, దానికి ఖర్చేముంది?" అన్నారు. జూలైలో ఎర్రనీళ్ళు దిగాక తొమ్మిదో తరగతి పిల్లలతో మొదలుపెడతానన్నారు. వాట్సాప్‌లో ఒక పట్టిక నమూనా పంపమన్నారు, పంపాను.

చూడాలనుకునేవాళ్ళకి నాలుగు మాటలు. ఇసక్వా హేచరీకి టిక్కెట్టు లేదు. సెప్టెంబరులో చినూక్, అక్టోబరు నుంచి కోహో. అక్టోబరు మొదటి శని ఆదివారాల్లో 'సాల్మన్ డేస్' అనే జాతర జరుగుతుంది, ఆ రెండు రోజులూ పార్కింగ్ ఆశ వదులుకోండి. బల్లార్డ్ లాకుల చేపమెట్లకి వేసవిలోనే వెళ్ళాలి. సియాటిల్ పడమటి ఒడ్డున, ఫెర్రీల రేవు దగ్గర, ఫాంట్లరాయ్ క్రీక్ అని బుల్లి వాగు ఉంది. అక్కడ అక్టోబరు ఆఖరులో చుట్టుపక్కలవాళ్ళు పిల్లల్ని వెంటేసుకుని వచ్చి, డప్పులు కొట్టి, పాటలు పాడి కోహోని ఇంటికి పిలుస్తారు. కొన్నేళ్ళు వందకి పైగా వస్తాయి, కొన్నేళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత. పిలవడం మాత్రం ఏటా పిలుస్తారు. గొడుగు తీసుకెళ్ళకండి, ఇక్కడెవరూ పట్టుకోరు, చెయ్యి కూడా ఖాళీగా ఉండదు. టోపీ ఉన్న రెయిన్‌కోటు, తడిస్తే పోయేది లేదనుకున్న బూట్లు చాలు. డప్పు లేనివాళ్ళకి అక్కడే ఎవరో ఒకరు బకెట్టూ కర్రా ఇస్తారు.